రెండు ప్రాసెసర్లు, ఒక కుట్టుమిషన్ దుకాణం

మెదక్‌లో నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పటికీ దారిలో ఆపి "ఏం ఇలియాస్, ఊడొచ్చిందా?" అని అడుగుతుంటారు. ఏది ఊడిరావాల్సింది, ఎందుకు ఊడిరాలేదు, ఆ ముచ్చట చూడడానికి ఎవరెవరు వచ్చారు అన్నది ఇవాళ దాచకుండా చెప్పేస్తాను. నేను చెప్పకపోయినా మీరు మా ఊరు వస్తే ఎవరో ఒకరు చెబుతారు, పైగా నాలుగు కలిపి చెబుతారు. పోయే పరువేదో నా చేతుల మీదుగానే పోనివ్వండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. హైదరాబాద్‌లో ఆరు నెలలు ఉండి కంప్యూటర్ రిపేరు నేర్చుకుని వచ్చాను. నేర్చుకున్నది గుప్పెడు, నేర్చుకున్నానని అనుకున్నది బస్తాడు. మా అబ్బాకు కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆయన షటర్ పక్కన వెలుతురు పడే చోట టేబుల్ వేసుకుని కూర్చునేవాడు. నన్ను మాత్రం వెనక గదిలో, తుప్పు పట్టిన మిషన్ల మధ్యకు తోశాడు. అక్కడ నేను లాప్‌టాప్‌లు బాగుచేస్తానన్న సంగతి బల్లులకు తప్ప ఎవరికీ తెలియదు.

ముందు భాగంలో రెండో టేబుల్ కూడా ఉంది. దాని మీద అబ్బా టిఫిన్ డబ్బా, తెగిన బెల్టులు ఉండేవి. ఆ టేబుల్ నాకు కావాలి. రోజూ వెనక గదిలోంచి దానికేసి చూస్తూ, టిఫిన్ డబ్బాకున్నపాటి మర్యాద నాకు లేదే అని కుమిలిపోయేవాణ్ణి. నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నిజంగానే ఏడుపొచ్చేది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. దుకాణంలో గిరాకీ ఉంటే మాత్రం అబ్బా నన్ను తెలుగులోనే తిడతాడు, నలుగురికీ అర్థం కావాలని.

"టేబుల్ కావాల్నా? ఒక మిషన్ నా ముంగట విప్పు, మల్ల పెట్టు, నడిపియ్యి. గంతే. నడిస్తే టేబుల్ నీది" అన్నాడు.

చూశారుగా, షరతు ఎంత చిన్నదో! విప్పడం, పెట్టడం, నడిపించడం. ఇక్కడితో ఆగితే నేను ఇలియాస్‌ని ఎలా అవుతాను?

"అబ్బా, ఉత్తగ విప్పుడు కాదు. ఇంజనే మారుస్త చూడుండ్రి" అన్నాను.

ఆ ఇంజన్ సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఒక కొత్తరకం లాప్‌టాప్ మీద మనసు పారేసుకున్నాను. దాన్ని మాడ్యులర్ అంటారు. ఏ భాగం పాడైతే ఆ భాగాన్ని మనమే విప్పి మార్చుకోవచ్చు. కొనేముందు అందులో ఏ కంపెనీ ప్రాసెసర్, అదే నేనన్న ఇంజన్, కావాలో ఎంచుకోవాలి. కంపెనీలు రెండు. పేర్లు చెప్పి ఎవరితోనూ తగువు పెట్టుకోను గాని, ఒకరిది నీలం స్టిక్కర్, ఒకరిది ఎర్ర స్టిక్కర్ అనుకోండి.

రెండు నెలలు వీడియోలు చూశాను. నీలం వేడెక్కుతుందని ఒకడు, ఎరుపు వేడెక్కుతుందని ఇంకొకడు. రెండింటికంటే ముందు నా ఫోన్ వేడెక్కింది. రెండొందల పేజీల నోటుబుక్కు నిండా వేగాల లెక్కలు రాసుకున్నాను. అదే కష్టం ఇంటర్‌లో పడి ఉంటే ఈపాటికి నేను ఏ కలెక్టర్ కుర్చీలోనో ఉండేవాణ్ణి.

మా వీధిలోనే ఉండే శామ్యూల్ సార్ బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతారు. నెమ్మదైన మనిషి. చాయ్ హోటల్లో నాకు దొరికిన ఒకే ఒక శ్రోత ఆయన.

"సార్, నీలమా? ఎరుపా?"

"నువ్వు దానితోని ఏం పని చేస్తవ్ ఇలియాస్?"

"పని సంగతి తర్వాత సార్. ఏది గొప్పదో చెప్పుండ్రి."

ఇదే ప్రశ్న అబ్బా కూడా వేశాడు. ఆయనకది అలవాటు. ఏ మిషన్ కొనాలని ఎవరొచ్చి అడిగినా "ముందుగాల ఏం కుడ్తవో చెప్పు" అంటాడు. జీన్స్ కుట్టేవాడికి ఒకటి, జాకెట్లు కుట్టేవాళ్ళకు ఇంకొకటి. పాతకాలం మనిషి, ప్రాసెసర్ల గురించి ఆయనకేం తెలుసని మనసులో నవ్వుకున్నాను.

ఇంతలో దుబాయ్‌లో ఉన్న మా బావ ఫోన్ చేశాడు. లాప్‌టాప్ తెచ్చిపెడతానని ఒప్పుకున్న పాపానికి రెండు నెలలుగా నా ఫోన్లు భరిస్తున్నాడు. "నీలమో ఎరుపో జల్ది చెప్పు ఇలియాస్. నా సెలవులు అయిపోయినా నువ్వు తేల్చేటట్టు లేవు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నా బుర్రలో ఒక మహా ఆలోచన మెరిసింది. అన్నీ మార్చుకోగల లాప్‌టాప్‌లో ఒక్కటే ఎంచుకోవడం ఏమిటి? రెండూ పెట్టుకోవచ్చు కదా! పొద్దున నీలం, సాయంత్రం ఎరుపు. బాబిన్ మార్చినట్టు మార్చుకోవడమే.

"నీలందే పట్టుకురా బావా. ఎరుపు సంగతి నేను చూసుకుంట" అన్నాను.

బావ లాప్‌టాప్ తెచ్చాడు. నేను హైదరాబాద్ వెళ్ళి, పాత సామాన్ల దుకాణంలో ఎర్ర కంపెనీ ప్రాసెసర్ ఒకటి విడిగా కొనుక్కొచ్చాను. బిస్కెట్ అంత ఉంది. ఒకవైపు నున్నగా మెరుస్తోంది, ఇంకోవైపు సన్నటి సూదులు వందలకొద్దీ ఉన్నాయి. దాన్ని దూదిలో చుట్టి, అమ్మీ చెవికమ్మల డబ్బాలో పెట్టి, నా దిండు పక్కనే ఉంచుకున్నాను.

శామ్యూల్ సార్‌కు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దాంట్ల పడ్తదా? ఒకపారి చదివి చూస్కో" అన్నారు.

"సార్, మాడ్యులర్ అంటేనే అన్నీ ఊడొస్తయ్. శుక్రవారం నమాజ్ అయినంక దుకాణానికి రాండ్రి. మీ కండ్లతోనే చూద్దురు" అన్నాను. అక్కడితో ఆగానా? చాయ్ హోటల్లో ఉన్న ప్రతివాడినీ పిలిచాను. పెళ్ళికి కూడా నేను అంత శ్రద్ధగా పిలవలేదు.

శుక్రవారం వచ్చింది. దుకాణం ముందు పదిమంది దాకా నిలబడ్డారు. తన మిషన్ తీసుకెళ్ళడానికి శంకరంపేట నుంచి వచ్చిన లక్ష్మక్క ముందు వరుసలో స్టూల్ మీద కూర్చుంది. ఊళ్ళో జాకెట్లు కుడుతుంది, అబ్బాకు పాత గిరాకీ. అబ్బా తన అతిచిన్న స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, టేబుల్ మీద తెల్లగుడ్డ పరవబోయాడు. ఏ మిషన్ విప్పినా, తీసిన సామాను తీసిన వరసలో ఎడమ నుంచి కుడికి గుడ్డ మీద పేర్చడం ఆయన పద్ధతి.

"గుడ్డెందుకు అబ్బా? దీంట్ల అన్నిటి మీద పేర్లు రాసుంటయ్" అన్నాను.

ఆయన విననట్టే గుడ్డ పరిచాడు.

మొదలుపెట్టాను. అయిదు స్క్రూలు వదులు చేసి పైభాగం పట్టి లేపితే కీబోర్డు మొత్తం మూతలా లేచి వచ్చింది. జనం ఓహో అన్నారు. బ్యాటరీ తీగ ఊడదీశాను. మెమొరీ పట్టీ తీశాను. పక్కనున్న చిన్న పోర్టులను అగ్గిపెట్టె లోపలి అరల్లా ఒక్కొక్కటే బయటికి లాగాను.

"అబ్బో, మంచిగ వస్తున్నయ్ తమ్మీ!" అంది లక్ష్మక్క.

అబ్బా ఒక్కో ముక్కా అందుకుని గుడ్డ మీద పేరుస్తున్నాడు. ఆయన కళ్ళలో మెచ్చుకోలు కనిపించింది. జన్మలో మొదటిసారి అబ్బా నన్ను అలా చూశాడు. అప్పుడే ఆపేసి మళ్ళీ బిగించి ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి కథే ఉండేది కాదు.

"ఇగ అసలుది చూడుండ్రి!" అని అరిచి, ఫ్యాను స్క్రూలు కూడా విప్పి, ఫ్యానును లేపి అబ్బా చేతికిచ్చాను. కింద వేడి లాగడానికి పూసే బూడిదరంగు పేస్టు. దాన్ని తుడిస్తే కనిపించింది నీలం ప్రాసెసర్. నల్లటి బోర్డు మీద, నేలకు పరిచిన బండలా ఉంది. పట్టుకుని లేపడానికి పిడి లేదు, నొక్కితే వదిలే కొక్కెం లేదు.

ఎడమవైపు చూశాను, కుడివైపు చూశాను. "కొక్కెం ఉంటది, ఇక్కడనే ఏడనో ఉంటది" అన్నాను. గోరుతో గీరాను. ఊహూ. ఎవరో వెనక నుంచి "ఇంజన్ నిద్రపోతున్నట్టున్నది" అన్నారు. నా చెవులు వేడెక్కాయి. స్క్రూడ్రైవర్ మొన ప్రాసెసర్ అంచు కిందికి దూర్చబోయాను.

"చెయ్యి తియ్యి!" అబ్బా అరుపుకు స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, వంగి, చాలాసేపు చూశాడు. "బిడ్డా, గిది పెట్టింది కాదు. అతికిచ్చిర్రు" అన్నాడు.

"లేదబ్బా! ఇది మాడ్యులర్. అన్నీ ఊడొస్తయ్."

"నలభై ఏండ్లసంది టంకం చూస్తున్న. ఇది ఊడదు."

శామ్యూల్ సార్ ఈలోగా ఫోన్ తీసి, ఆ లాప్‌టాప్ చేసిన కంపెనీవాళ్ళు రాసింది చదువుతున్నారు. గొంతు సవరించుకున్నారు. "ఇలియాస్... ఇందులో ప్రాసెసర్ విడిగా మారదట. కావాలంటే బోర్డు మొత్తం మార్చాల్నట. రెండో లైన్లనే రాసిండ్రు."

రెండో లైను! నేను రెండు నెలలు ఆ పేజీనే తిరగేశాను. వేగాల పట్టిక కిందుందని రోజూ ఆ లైను దాటుకుంటూ పోయాను.

"మరి ఎర్రది?" అన్నాను, దింపుడు కళ్ళం ఆశతో చెవికమ్మల డబ్బా తెరిచి.

"అది టేబుల్ మీద పెట్టే పెద్ద కంప్యూటర్లకు ఏసేది. నీ దాంట్ల ఎట్లయినా పడకపోయేది" అన్నారు సార్, చాలా మెల్లగా. మంచివాళ్ళు మెల్లగా చెబితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

లక్ష్మక్క నన్ను చూసింది, లాప్‌టాప్‌ను చూసింది. "అయితే తమ్మీ, అన్నీ మారే దీంట్ల, నువ్వు మారుస్తనన్న ఒక్కటే మారదా?" అంది.

జనం నవ్వారు చూడండి, షటర్ కదిలిందంటే నమ్మండి. నా కళ్ళు మాత్రం రెండో టేబుల్ మీదున్న టిఫిన్ డబ్బా మీదే ఉన్నాయి. అది నావైపు చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. ఇక జీవితాంతం బల్లులతోనే కాపురం అనుకున్నాను.

పరువు ఎలాగూ పోయింది, కనీసం లాప్‌టాప్‌నైనా బతికించుకోవాలి. ఫ్యాను కింద పెట్టడానికి కొత్త పేస్టు కావాలి. కంగారులో అబ్బా మిషన్లకు రాసే గ్రీజు డబ్బా అందుకున్నాను. "ఓరి నాయనా, ఆగు!" అని శామ్యూల్ సార్ నా చేతిలోంచి డబ్బా లాక్కుని, బడి నుంచి అసలు పేస్టు తేవడానికి స్కూటర్ మీద పోయారు.

ఆయన వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు. ఉచితంగా దొరికిన వినోదాన్ని సగంలో వదిలి ఎవరు పోతారు? అబ్బా మాత్రం తీరిగ్గా ఎర్ర ప్రాసెసర్‌ను చేతిలోకి తీసుకుని, సూదులున్న వైపు తిప్పి చూశాడు. లక్ష్మక్క మిషన్‌లో గుడ్డను ముందుకు లాగే పళ్ళ మధ్య దారపు పీచు ఇరుక్కుని ఉంది. దానితో ఒకసారి గీశాడు. పీచంతా చుట్టుకుని వచ్చేసింది.

"మస్తుగ దువ్వుతున్నది" అన్నాడు.

సార్ పేస్టు తెచ్చారు. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏది ముందో ఏది వెనకో అంతా మరిచిపోయాను.

"గుడ్డ చూడు. కుడి దిక్కు నుంచి మొదలుపెట్టు" అన్నాడు అబ్బా.

చూశాను. నేను వద్దన్న ఆ తెల్లగుడ్డ మీద ప్రతి ముక్కా, ప్రతి స్క్రూ వరసగా నా కోసం ఎదురుచూస్తున్నాయి. కుడి నుంచి ఒక్కొక్కటే తీసి బిగించుకుంటూ వచ్చాను. చివరి స్క్రూ అయ్యాక బటన్ నొక్కాను. తెర నల్లగా ఉండిపోయింది. నాకు తెలిసిన దువాలన్నీ చదివేశాను. శామ్యూల్ సార్ పెదవులు కూడా కదులుతున్నాయి, ఆయన ప్రార్థన ఆయనది. నిమిషం గడిచింది. తెర వెలిగింది.

నేను తల దించుకుని వెనక గదివైపు నడిచాను.

"ఎటు పోతున్నవ్?" అన్నాడు అబ్బా.

"ఇంజన్ మార్చలే గద అబ్బా."

"ఇంజన్ నేనడిగిన్నా? విప్పుమన్న, విప్పినవ్. పెట్టుమన్న, పెట్టినవ్. నడిచింది. టేబుల్ తీస్కో."

"గుడ్డ లేకపోతే పెట్టకపోదును అబ్బా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఆరోజు అన్నిటికంటే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. అబ్బా తన టిఫిన్ డబ్బా తానే తీసి కింద పెట్టాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

"గని బోర్డు మాత్రం నేనే రాయిస్త" అన్నాడు.

రాయించాడు కూడా. ఆ బోర్డు ఇప్పటికీ నా తల మీదే వేలాడుతోంది: "ఇచ్చట లాప్‌టాప్‌లు బాగు చేయబడును. ఊడివచ్చు భాగములు మాత్రమే."

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు నా పనికి చుట్టుపక్కల మంచి పేరే ఉంది. నేనూ తెల్లగుడ్డ పరిచే కూర్చుంటాను. మొన్న లక్ష్మక్క వచ్చింది, బిడ్డకు లాప్‌టాప్ కొనాలట.

"తమ్మీ, ఏ కంపెనీ ప్రాసెసర్ మంచిది? నీలమా, ఎరుపా?"

"ముందుగాల నీ బిడ్డ ఏం పని చేస్తదో చెప్పక్కా" అన్నాను. పక్క టేబుల్ దగ్గర అబ్బా తల ఎత్తకుండానే మీసాల్లో నవ్వుకున్నాడు.

"గదంతా తర్వాత. రెండు వాడినోనివి, నువ్వు చెప్పు."

వాడినవాణ్ణే కదా, ఉన్నమాట చెప్పాను. "నీలం లాప్‌టాప్ నడపడానికి బాగుంటదక్కా. ఎరుపుది, పీచు దువ్వడానికి దాన్ని మించింది లేదు. ఇన్నేండ్లయింది, ఒక్కపారన్న వేడెక్కలే."

కాబట్టి పాఠక మహాశయులారా, అబ్బా ఇచ్చిన అతిచిన్న స్క్రూడ్రైవర్ కుడిచేత్తో పట్టుకుని, ఎర్ర ప్రాసెసర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ వస్తువునైనా ముందు నేను ఊడదీసి చూసుకోకుండా, అది ఊడొస్తుందని పదిమందిని పిలవను.