గడ్డకట్టిన తొట్టి

అల్యూమినియం కార్ఖానాలో అందరూ ఆయన్ని గునపం మామ అంటారు. మరిగే తొట్టి మీద కట్టే పెంకును గునపంతో పగలగొట్టి, తెల్లటి అల్యూమినా పొడిని లోపలికి దించడం ఆయన పని. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. తొట్ల గది హోరు ఆగిపోయింది. పాత తొట్టి గడ్డకట్టి ఆరిపోతే మళ్ళీ వెలిగించరనీ, దాని మనిషి ఇంటికి పోవాల్సిందేననీ ముందే చెప్పి ఉన్నారు. మామది పాత తొట్టి. వేడి పోకుండా దాని మీద పొడి కుప్పగా పోశాడు.

"అదేమన్నా పసిపిల్లా మామా, దుప్పటి కప్పుతున్నావు?" అన్నాడు పక్క తొట్టివాడు.

సాయంత్రానికీ కరెంటు రాలేదు. మామ ఇంటికెళ్ళి గోడకు చేరగిలబడ్డాడు. మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ పొడిని పొయ్యి మీద పెట్టి కరిగించొచ్చుగా తాతా?"

"అది మొండిఘటం. అది కరిగే వేడికి తొట్టి తట్టుకోదు. క్రయోలైట్ అని ఒక ఖనిజం ఉందమ్మా. అది ఆ వేడిలో సగానికే నీళ్ళలా అయిపోతుంది. దాంట్లో ఈ పొడి వేస్తే వేణ్నీళ్ళలో చక్కెరలా కలిసిపోతుంది. అప్పుడు కరెంటు పంపిస్తే అల్యూమినియం విడిపోయి అడుక్కి చేరుతుంది."

"మరి క్రయోలైట్?"

"అక్కడే ఉంటుంది. పని చేసిపెడుతుంది, తను పెద్దగా ఖర్చవదు."

"మీ తాత మాత్రం ఖర్చయిపోయాడు," అంది వంటింట్లోంచి ఆయన భార్య.

"చల్లారితేనో?" అంది పిల్ల.

"రాయైపోతుంది."

పొద్దున ఆయన వెళ్ళేసరికి కరెంటు వచ్చింది. మీటరు ముల్లు కదలడం చూసి ప్రాణం లేచొచ్చి, గునపం ఎత్తి పెంకు మీద ఒక్క పోటు పొడిచాడు. పైనున్న కుప్పంతా లోపలికి కూలింది. సగం చల్లారిన క్రయోలైట్‌లో అంత పొడి కరగదు. బురదలా అడుగున పేరుకుంది. కాసేపటికి తొట్టి మొత్తం బిగుసుకుపోయింది. పక్క తొట్లు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి.

"పొడి పక్కకు లాగి కదా మామా పొడవాల్సింది," అన్నాడు మేస్త్రీ.

"అది నీకు నేర్పింది నేనే."

మేస్త్రీ తల దించుకున్నాడు. "దీన్ని కరెంటు లైన్లోంచి తప్పించేస్తారు. లోపలి రాయి తవ్వి ఖాళీ చేసేదాకా ఉండు. ఆ తర్వాత నా చేతిలో లేదు."

మామ తొట్టిలోకి దిగాడు. బూడిదరంగు రాయి మీద గునపం ఆనించాడు. చిన్న పెచ్చు లేచింది. దాన్ని ఏరి బయట పెట్టి, చాలాసేపటికి ఇంకో దెబ్బ వేశాడు. తొందరపడమని ఎవరూ అనలేదు.