మహబూబ్ సార్ చేంతాడు

మా గురువు మహబూబ్ సార్ ఇక లేరు. మొన్న పొద్దున ఖిల్లా ఘణపూర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను గోపాల్‌పేట దగ్గర ఒక చేనులో బోరు వేయిస్తున్నాను. బోరుబండి ఆపించి వెంటనే ఊరికి బయల్దేరాను. వారం కిందట ఫోన్లో నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి మరణవార్తను మనసు ఒప్పుకోలేదు.

సార్ మాకు బడిలో సామాన్యశాస్త్రం చెప్పారు. ఆయన జిజ్ఞాసకు సెలవులుండేవి కావు. అడుగుకో ముడి వేసిన చేంతాడుకు రాయి కట్టి, ప్రతి వేసవిలో తమ వాడ చేదబావిలోకి దింపేవారు. నీరు ఎన్నో ముడి దగ్గర తగిలిందో చూసి, మమ్మల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ఇంట్లో ఎందరున్నారనే కాదు, రోజుకు ఎన్ని బిందెలు వాడతారనీ అడిగేవారు. సర్కారు మనిషనుకుని రేషన్ కార్డు తెచ్చి చూపినవాళ్లూ ఉన్నారు!

ఒకసారి నేను పెద్ద తెలిసినవాడిలా, "జనం పెరిగిండ్రు సార్, గందుకే నీళ్లు సాల్తలేవు" అన్నాను. సార్ పగలబడి నవ్వారు.

"మేం తొమ్మిది మందిమి అన్నదమ్ములం. అండ్ల నన్ను తీసేస్తే సరిపోతదారా?" అన్నారు. అంతలోనే గంభీరులయ్యారు. "జనం పెరిగింది నిజమే, బాయి పెరగలే. గని పన్నెండు మందున్న ఇంట్ల ఎనిమిది బిందెలే. నలుగురున్న కొత్త మేడల ట్యాంకి పొర్లుతది. గిదేంది? జర ఆలోచించు." ఆ ప్రశ్న ఆయన్ను చివరిదాకా వదల్లేదు.

పెద్దయ్యాక నేను బోరుబండి కొన్నాను. ఆ బావి పక్క చేలు ప్లాట్లయితే, అక్కడ నాలుగు బోర్లు వేసింది నేనే. సార్ కోప్పడతారని భయపడ్డాను. ఆయన మాత్రం కుర్చీ తెచ్చుకుని కూర్చుని, ముఖమంతా రాతిదుమ్ము పడుతున్నా ఏ లోతులో ఏ రాయి తగులుతోందో ఆసక్తిగా అడిగారు. మరుసటి వేసవిలో నన్ను పిలిపించి, నా చేతనే బావిలోకి తాడు దింపించారు. నీరు ఆరు ముడులు కిందికి పోయింది.

"ఎందుకు తగ్గిందిరా?" అని అడిగారు. ఆ గొంతులో నింద లేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది.

"తెల్వదు సార్" అన్నాను. తెలిసే అన్నాను. అందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

"తెలిసినంక చెప్పు" అని తాడు చుట్టి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

"నన్ను మన బాయి నీళ్లతోనే కడుగుండ్రి" అని సార్ ఇంట్లో ముందే చెప్పి పెట్టారట. మొన్న ఆయన అంతిమస్నానానికి చేద దింపితే బురద వచ్చింది. రెండోసారీ బురదే. చివరికి ప్లాట్లలోకి పోయి, నేను వేసిన బోరు నీళ్లు తెచ్చారు. ఆ బిందెల్లో ఒకటి నేనే మోశాను.

ఖబరస్తాన్‌లో పిడికెడు మట్టి వేస్తూ, ఇన్నేళ్లకు జవాబు చెప్పాను. "నా వల్లనే సార్."

ఆ జవాబు విని, మరి ఇప్పుడేం చేస్తవురా అని అడగడానికి నా గురువు లేరు.