పాఠం మీద అరచెయ్యి

కొత్త పుస్తకాల జిగురు వాసన తగిలితే చాలు, నాకు పద్మావతమ్మగారి అరచెయ్యి గుర్తుకొస్తుంది. ఈ ఉదయం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా స్కూలుకు మూడో తరగతి పిల్లల రీడింగ్ పుస్తకాల నమూనాలు వచ్చాయి. వచ్చే ఏడాదికి ఏది కావాలో తేల్చాల్సింది నేనే. అట్టపెట్టె విప్పగానే గదంతా అదే వాసన.

ఆవిడ చిక్కపేట సందులో ఒక చిన్న స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్. తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడిన నేతవారి ఇంటి ఆడపడుచు. కోపం ముక్కు మీదే ఉండేది, నవ్వు కూడా దాని పక్కనే. నేను అక్కడ టీచరుగా చేరిన తొలి ఏడాది నిగనిగలాడే రంగుల పుస్తకం ఒకటి ఎంచి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఒక పేజీ తెరిచి, పాఠాన్ని అరచేత్తో మూసేసి, కింది ప్రశ్న అడిగారు.

"పాప చేతిలో ఏముండాది?"

"బెలూన్ మేడమ్," అన్నాను, పక్కనున్న బొమ్మ చూసి.

"పాఠం చదవకనే చెప్పేస్తివే అప్పా! ఇంక ఆ పాఠం ఎవరికి?"

నాకు ఒళ్లు మండింది. పిల్లలకు బొమ్మలంటే ఇష్టం కదా అని వాదించాను.

"బొమ్మలు ఉండనీ, వద్దంటానా? జవాబు మాత్రం చదివితేనే దొరకల్ల."

ఆవిడ మాటలోని బరువు మంజుల వల్ల తెలిసింది. మా మూడో తరగతిలోని ఆ పిల్ల ఇంగ్లీషు పాఠం గడగడా చదివేది. ప్రశ్నలోని మాటలు పాఠంలో ఎక్కడున్నాయో వెతికి, ఆ వాక్యాన్ని అలాగే దించేసేది. 'ఎందుకు' అనే ప్రశ్న వేసినా మళ్లీ ఏదో ఒక వాక్యాన్నే అప్పజెప్పేది. వెనక్కి రెండో తరగతికి పంపేద్దామన్నారు మిగతా టీచర్లు.

"పంపేది వద్దు. దసరా సెలవుల దాకా చూస్తాం. ఆలోచించే పని ఆ బిడ్డకు మనం ఎప్పుడిచ్చినాం?" అని ఆవిడ నా వైపు తిరిగారు. "పాఠాలు నువ్వే ఏరప్పా."

నిజంగా భయమేసింది. ఒక పిల్ల చదువు నా ఎంపిక మీద నిలబడింది. ప్రతి పాఠాన్నీ అరచేత్తో మూసి ప్రశ్నలు చదివాను. చాలా పుస్తకాలు అక్కడే వీగిపోయాయి. చివరికి రంగులు లేని ఓ పలుచటి పుస్తకంలో ఒక పాఠం దొరికింది. వానలో బండి లాగే మనిషి తన దగ్గరున్న ఒక్క టార్పాలిన్ పట్టాను చీరల మూట మీద కప్పి, తాను తడిసి ముద్దై, కొట్టు ముందు ఆగి నవ్వుతాడు. ఎందుకు నవ్వాడన్నది పాఠంలో ఎక్కడా లేదు.

అదే ప్రశ్న వేస్తే, మంజుల జవాబున్న వాక్యం కోసం పాఠమంతా వెతికింది. దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదవసాగింది. కాసేపటికి తలెత్తి, తెలుగులో, "చీరలు తడవలేదు గదా సార్, అందుకే," అంది.

తలుపు దగ్గర నిలబడి వింటున్న పద్మావతమ్మగారు చప్పట్లు కొట్టారు. "అర్థమైండాది చూడప్పా! ఇంగ్లీషుదేముంది, మెల్లగా వస్తాది."

మంజుల మూడో తరగతిలోనే ఉండిపోయింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఇప్పుడు నా పక్కన ఈ ఏడాదే చేరిన టీచరమ్మాయి కూర్చుని ఉంది. "సార్, ఇది సూపర్‌గా ఉంది, పిక్చర్స్ చూడండి," అంది. పాఠాన్ని అరచేత్తో మూసి, బొమ్మలు చూసే ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పేసి, ఆ పుస్తకం పక్కన పెట్టాను. తను నవ్వి, ఇంకో పుస్తకం తెరిచి, ఈసారి తానే పాఠం మీద చెయ్యి పెట్టింది.

"గొడుగు చేతిలో ఉన్నా అవ్వ తడుస్తూ ఎందుకు వెళ్లింది? చెప్పండి సార్."

ఆలోచించాను. నిజంగానే తెలియలేదు.

"చెయ్యి తియ్యమ్మా, చదవాలి," అన్నాను హాయిగా.