తాను గీసిన గదుల్లో తప్పిపోయే బాబాయి

మా బాబాయి ఆర్కిటెక్టు. తాను కట్టించిన ఏ భవనంలోనైనా దారి తప్పడం ఆయన ప్రత్యేకత. ఇతరులు కట్టినవాటిలో మాత్రం శుభ్రంగా తిరుగుతాడు.

సొంత ఇంట్లో వంటగదికని బయల్దేరి మేడ మీద తేలతాడు. అక్కణ్ణించి కేక: "ఏమేవ్, నేనెక్కడున్నాను?" పిన్ని వెళ్ళి చేయి పట్టుకుని దింపుకొస్తుంది.

ఓ డాక్టరు గారు తనకి బాబాయి కట్టించిన కొత్త ఇంటికి భోజనానికి పిలిస్తే, చేయి కడుక్కోవడానికి వెళ్ళినవాడు బట్టల గదిలోంచి "ఎవరండీ లైటార్పింది?" అన్నాడు. ఆ ఇంట్లో చుట్టంలా ఓ మూల ముడుచుకుని కూర్చున్న డాక్టరు గారి అత్తగారు నవ్వుకుంటూ లేచి, ఆయనకి ఇల్లంతా తిప్పి చూపించింది.

అలాంటి మనిషిని మ్యూజియం వాళ్ళు ప్రదర్శన కట్టమన్నారు. మనుషులు ఎక్కడెక్కడ కాలక్షేపం చేశారో చూపించాలట. సినిమా హాలు, సర్కస్ డేరా, వీడియో గేముల గది, అద్దాల గది, ఒకదాని కడుపులో ఒకటి. తెర మీద సినిమా ఉండదు, సినిమా చూసి నవ్వుతున్న మొహాలుంటాయి. కుర్చీలు గోడవైపు తిరిగి ఉంటాయి. 'బయటికి' అని రాసిన తలుపు తీస్తే ఇంకో టికెట్ల కిటికీ. ప్లాను గీయడంలో నా చేయీ ఉంది. అయినా అద్దాల గదిలో ఏది నా మొహమో కాసేపు తేల్చుకోలేకపోయాను.

అసలు కష్టం గైడు గారిది. మ్యూజియం పాత హాళ్ళలో కళ్ళు మూసుకుని నడిచే పెద్దాయన, రిహార్సల్ నాడు జనాన్ని తిప్పి తిప్పి సర్కస్‌లోనే దింపారు. డైరెక్టరు మా ఎదుటే అనేశారు: "రేపు ప్రారంభంలోనూ ఇలాగే అయితే మీరిక టికెట్ల కౌంటర్లో కూర్చోండి." కబుర్లు చెప్పకపోతే ఊపిరాడని మనిషి. మొహం నీటిలో పడిన కాగితంలా అయిపోయింది.

మర్నాడు అతిథులతో బయల్దేరాం. అద్దాల గదిలో గైడు గారు ఆగిపోయారు. ప్రతి అద్దంలోనూ ఆయనే, ఎటు వెళ్ళాలని తననే అడుగుతున్నట్టు. డైరెక్టరు గొంతు సవరించుకున్నారు.

"బాబోయ్, నేను తప్పిపోయాను!" అని బాబాయి కేక.

"ఇక్కడే ఉన్నారు కదండీ!" అన్నారు డైరెక్టరు.

"ఇంతమంది ఉన్నాను. ఇందులో నేనెవర్నండీ?" బాబాయి గైడు చేయి గట్టిగా పట్టుకున్నాడు. "కళ్ళు తిరుగుతున్నాయి మాస్టారూ. నన్ను మీరే బయట పడెయ్యాలి."

"కంగారు పడకండి, నేనున్నానుగా," అన్నారు గైడు గారు. ఇంకొకరి భయం చేతిలోకి రాగానే ఆయన భయం జారిపోయింది. "ఆ తెర నవ్వులు మన వీపు వెనకే వినిపించాలి, అంతే," అంటూ, సర్కస్ కబుర్లు చెబుతూ అందర్నీ వెలుతుర్లోకి తెచ్చేశారు.

"కట్టినాయనకే దొరకని దారి మీకు దొరికిందే!" అన్నారు డైరెక్టరు. "ఇక జనమంతా మీ వెంటే."

అందరూ వెళ్ళాక బాబాయి లోపల కళ్ళజోడు మర్చిపోయానన్నాడు. వెళ్ళి, ఈల వేసుకుంటూ క్షణాల్లో వచ్చేశాడు.

"బాబాయ్! నీకు దారి తెలుసు!"

"నేనేగా గీసింది?"

"మరి ఇన్నాళ్ళూ?"

"నేను తిప్పి చూపిస్తే అది నేను కట్టిన ఇల్లమ్మా. వాళ్ళు నాకు చూపిస్తే వాళ్ళిల్లవుతుంది."

"మనింట్లో కూడానా?"

బాబాయి సిగ్గుపడ్డాడు. "ఈ వయసులో మీ పిన్ని ఊరికే చేయి పట్టుకుంటుందా? ఆవిడకి చెప్పకు."

కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళాను. అద్దాల గదిలో గైడు గారు తల పట్టుకుని "అయ్యో, దారి మర్చిపోయానే!" అంటున్నారు. అందరి వెనకా బిక్కుబిక్కుమంటూ నడుస్తున్న ఓ పెద్దావిడ ముందుకొచ్చి, "నా వెంట రండి," అంది.

ఆవిడ మమ్మల్ని తిన్నగా సర్కస్‌లో దింపింది. గైడు గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.