పవర్ బ్యాంక్‌కు నిద్ర మాన్పించిన డ్రైవర్‌గారు

2019. రాయ్‌పూర్ పండరీలో, టోకు బట్టల దుకాణాల వెనక సందులో నా ఎలక్ట్రానిక్స్ రిపేరు కొట్టు. పదహారేళ్ల అనుభవం, దానికి రెట్టింపు పొగరు. ఎవరైనా సలహా ఇస్తే ఒళ్లు మండేది.

ఆ వేసవిలో రిటైరైన రైలింజను డ్రైవర్ అప్పలనాయుడుగారికి గొంతు ఆపరేషన్ అయి మాట పోయింది. పలక మీద రాసి చూపిద్దామంటే భార్య పార్వతమ్మగారికి చూపు ఆనదు. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. ఆపరేషన్‌కు ముందు ఆవిడ పట్టుబట్టి ఆయన చేత ఫోన్‌లో నాలుగు మాటలు రికార్డు చేయించారు. వాటిని నేను ఒక సింగిల్ బోర్డ్ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అంటే అరచేతిలో పట్టే, ఒకే బోర్డు మీద అన్నీ ఉండే కంప్యూటర్. నాలుగు బటన్లు, చిన్న స్పీకర్, కరెంటుకు పవర్ బ్యాంక్, అన్నీ మెడలో వేసుకునే సంచీలో. నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది.

వారం తిరక్కుండా ఇద్దరూ వచ్చారు.

"ఇదేటి బాబూ, ఒకోపాలి బందయిపోతంది! నిన్న ఈయన బాత్‌రూమ్‌లో పడిపోనారు. నొక్కుతూనే ఉన్నారట. నాకు వినపడితే కదా! పక్కింటావిడ చూసి లేపింది" అని పార్వతమ్మగారు ఏడ్చేశారు.

"ఛార్జింగ్ చాలట్లేదు పిన్నిగారూ, పెద్ద పవర్ బ్యాంక్ పెడతాను" అన్నాను ధీమాగా. పెట్టాను. కొట్టులో మా కళ్లముందే అదీ ఆరిపోయింది. నా మొహం మాడిపోయింది.

మీటర్ పెట్టి చూస్తే సంగతి తెలిసింది. "పవర్ బ్యాంక్ చేసింది ఫోన్ల కోసం బాబాయ్. మన బోర్డు ఖాళీగా ఉంటే మరీ కొంచెం కరెంటు తీసుకుంటుంది. ఫోన్ నిండిపోయిందనుకుని ఇది నిద్రపోతోంది. దీనికి మందు లేదు, గోడ ప్లగ్గుకు పెట్టుకోవాల్సిందే" అన్నాను.

నాయుడుగారు పలక అందుకుని గబగబా రాసి నా ముందుకు తోశారు.

"ఇంజన్లో నిమిషంపాటు ఏటీ కదపకపోతే దీపం వెలుగుద్ది. అప్పుడు బటన్ నొక్కాల. లేపోతే బ్రేకులు పడిపోతాయి. మెలకువగా ఉన్నామని మేం చెప్పుకునేవోళ్లం. ఈ బోర్డు చేత కూడా చెప్పించు."

రెండుసార్లు చదివాను. ఎలక్ట్రానిక్స్ పుస్తకం ముట్టని మనిషి నా చదువుకు అందనిది పట్టేశారు!

ఒక రెసిస్టర్, అంటే కరెంటును వేడిగా మార్చే చిన్న ముక్క, బోర్డుకు కలిపాను. ఫోన్ ఇంకా నిండలేదనుకుని పవర్ బ్యాంక్ నిద్రపోకుండా, కొన్ని సెకన్లకోసారి దాన్లోంచి క్షణంపాటు ఎక్కువ కరెంటు లాగేలా ప్రోగ్రామ్ రాశాను. సాయంత్రం దాకా ముగ్గురం దాని దగ్గరే కూర్చున్నాం.

"ఏటి, మళ్లీ బందయిపోనాదా?" అన్నారు పార్వతమ్మగారు, ఎవరూ మాట్లాడకపోయేసరికి.

నాయుడుగారు మొదటి బటన్ నొక్కారు.

"పార్వతీ, ఇక్కడే ఉన్నానే."

ఆవిడ ఆ గొంతు వచ్చిన వైపు చెయ్యి చాచి ఆయన భుజం పట్టుకున్నారు. "ఉంటే ఇందాకే చెప్పొచ్చు కదేటి!" అని కసిరారు. ఆయన మళ్లీ అదే బటన్ నొక్కారు.

ఇప్పుడు నా కొట్టుకు ఎవరొచ్చినా, "దీనికి మందు లేదు" అనే ముందు ఒక మాట అడుగుతాను: "మీరేం పని చేసేవారండీ?"