నా కిటికీ సీటుల మా యారాలు

శంషాబాద్‌ల ఎయిర్‌పోర్టు కట్టినప్పుడు మా జొన్నచేను అండ్లనే పోయింది. ఇప్పుడు ఇమానాలు లేచే జాగల ఒకప్పుడు నేను కలుపు తీసిన. ఎయిర్‌పోర్టు నడవబట్టి నాలుగేండ్లయినా ఒక్కపారి ఇమానం ఎక్కింది లేదు. నీటికాసులకు నా ఎడమకన్ను ఆపరేషన్ అయినంక, తిరుపతికి ఇమానంల తీస్కపోతనని మొక్కిండు మా ఆయన. మా మరిది, వాని పెండ్లాం, అంటే మా యారాలు గూడ తయారైండ్రు. కిటికీ సీటు మాత్రం నాదేనని ముందుగాలనే చెప్పిన. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఈ ఒక్క కంటితోటి మీదికెళ్లి మా చేను చూడాలె.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యలే. టికెట్లు తీసుకున్నంక ఒకనాడు పొద్దుగాల కంట్ల ఒక మూలకెళ్లి నల్లటి పరద దిగబట్టింది. దవాఖానకు ఉరికితే, ఆపరేషన్ అయిన కంట్లనే లోపలి రెటీనా పొర ఊడిందన్నరు. మళ్ల కోసి, పొర అతుకనీకి కంట్ల గ్యాస్ నింపిండ్రు. బోర్లనే పండుకోవాలె, చూపు వస్తదో రాదో ఇప్పుడే చెప్పలేమన్నడు డాక్టరు. ఇమానం ఎక్కొచ్చా సారూ అంటే ఎగిరిపడ్డడు.

"మీదికి పోతే గ్యాస్ ఉబ్బుతది. ఉన్న చూపు గూడ పోతదమ్మా!"

చుక్కలెయ్యనీకి మా ఆయన నా కాడ ఆగిండు. మరిది, యారాలు పోయిండ్రు. పోయేముందు యారాలు కొత్త చీర కట్టుకొని వచ్చి నా పక్కన నిలవడ్డది. నేను బోర్ల పండుకుంటినాయె, కుచ్చిళ్లు, మెట్టెలే కనవడ్డయి.

"బాధపడకు అక్కా. నీ బదులు మన చేను నేను జూసొస్త."

మన చేనట! ఆమె కాపురానికొచ్చేసరికే చేను పోయె. ఒక్కనాడన్న అండ్ల కొడవలి పట్టిందా? ఆ దినం ఇంటిమీదికెళ్లి ఏ ఇమానం పోయినా, నా సీటుల అదే కూసున్నదని కుళ్లి కుళ్లి సచ్చిన. ఏడుద్దామంటే కంటికి మంచిది కాదని మా ఆయన ఒకటే లొల్లి.

తిరిగొచ్చినంక యారాలు లడ్డు నా చేతుల పెట్టింది.

"చేను కనవడ్డదా?"

"మంచిగ కనవడ్డదక్కా. గట్టు, బాయి, అన్నీ."

బాయా? రన్‌వే కోసం ఆ బాయిని మట్టితోటి పూడుస్తుంటే నేను నిలవడి చూసిన. ఆ ముచ్చట ఈమెకు ఎన్నడూ చెప్పలే. బాయి నీళ్లు తియ్యగుంటుండె అన్నదొక్కటే చెప్పిన.

"బాయి ఎప్పుడో పూడిందే. నిజం జెప్పు, ఏం జూసినవ్?"

వచ్చి నా పక్కన కూసున్నది.

"ఇమానం ఉరుకంగనే భయమైందక్కా. దిగేదాంక కండ్లు మూసుకొనే కూసున్న. నువ్వు అడుగుతవని గట్ల చెప్పిన."

నోటికొచ్చినట్టు తిట్టిన. చక్కని రెండు కండ్లు, కిటికీ పక్కన సీటు, కింద మా చేను! మూసుకొని కూసున్నదట!

కొన్నాళ్లకు గ్యాస్ కరిగింది. కంటికి ఎలుతురు తెలుస్తది, మనిషి జాడ తెలుస్తది, అంతే. ఇగ ఇమానం ఎక్కొచ్చన్నడు డాక్టరు.

"ఈపారి కిటికీ సీటు నీదే అక్కా" అన్నది యారాలు.

"నువ్వే కూసో పో" అన్న. "ఈపారన్న కండ్లు తెరువు."