ఎత్తు బంగారానికి నా కాపలా

బరువు తగ్గబోయి ఓడిపోయినవాళ్లు లోకంలో కోకొల్లలు. కానీ పత్తి తూచే కాంటా పళ్లెంలో, నడుముకు తువ్వాలుతో, మొగుళ్లపల్లి సగం ఊరు చూస్తుండగా ఓడిపోయినవాణ్ని నాకు తెలిసి నేనొక్కణ్నే. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో వరసగా చెబుతాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, వరస తప్పితే నాకు నిద్ర పట్టదు.

ముందు మొక్కు సంగతి. నేను ఉద్యోగం కోసం పరీక్ష రాస్తున్నప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, సమ్మక్క తల్లికి మొక్కుకుంది: "పోరనికి నౌకరొస్తే వాని ఎత్తు బంగారం ఇచ్చుకుంట తల్లీ." కంగారు పడకండి. మేడారం జాతరలో బంగారమంటే బెల్లం. మనిషి బరువుకు సరితూచి సమర్పిస్తారు. మొక్కిన రోజున నేను మునక్కాయలా ఉన్నాను. నౌకరి వచ్చి, భూపాలపల్లిలో కరెంటు తయారుచేసే చోట చేరి, క్యాంటీన్ పూరీలతో స్నేహం ముదిరి, జాతర దగ్గరపడేసరికి గుమ్మడికాయనయ్యాను.

"మరిదీ, నీ బంగారం తేనీకి ట్రాలీ ఆటో మాట్లాడాలె" అంది మా వదిన సుజాత. "నువ్వు కూసుంటే కాంటా ఆగుతదా, తెగుతదా అని వాడకట్టోళ్లు పందెం కాస్తున్నరు."

ఆ మాట పూరీకంటే వేడిగా తగిలింది. నెల రోజుల్లో తగ్గి చూపిస్తానని అక్కడే శపథం చేశాను.

నా ధైర్యానికి కారణం ఉంది. నా పని బాయిలర్ వేడిని అదుపు చేసే యంత్రాలతో. వేడి తగ్గితే అవి బొగ్గు పెంచుతాయి, పెరిగితే తగ్గిస్తాయి. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న ముక్క ఆకలి విషయంలో ఇలాంటి పనే చేస్తుందని చదివి గంతేశాను. ఒంట్లోని కొవ్వు లెప్టిన్ అనే రసాయనం పంపి "నిల్వ ఉంది, చాలు" అంటుందట. ఖాళీ కడుపు గ్రెలిన్ పంపి "పెట్టండి" అంటుందట. ఓస్, రోజూ నేను దిద్దే సరుకే కదా అనుకుని పుస్తకం మూసేశాను. తర్వాతి పేజీ చదివి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నిల్వ తగ్గేకొద్దీ లెప్టిన్ తగ్గుతుందనీ, మెదడు దాన్ని కరువు కింద జమకట్టి ఒంటి ఖర్చు తగ్గించి ఆకలి పెంచుతుందనీ ఆ పేజీలో ఉంది. ఇంజనీరు వరమిచ్చినా హైపోథాలమస్ వరమివ్వదు.

రెండో వారానికి కంట్రోల్ రూములో గుండ్రటి గేజీలన్నీ సకినాల్లా కనిపించసాగాయి. అవ్వ ఫోన్ చేసేది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే."

"ఏం తిన్నవ్?"

"దోసకాయ."

"దేంట్లకు? అన్నంలకా, రొట్టెలకా?"

"దేంట్లకు లేదే. ఉత్త దోసకాయ."

అవ్వ గొంతు తగ్గించి అడిగింది. "క్యాంటీన్ మూసేసిండ్రా?"

ఎలాగైతేనేం, ఏడు కిలోలు తగ్గి ఊరికొచ్చాను. తూకానికి ముందురోజు బాపు, అంటే మా నాన్న, మా ఇంటి ముందు ఇనుప దూలానికి పెద్ద కాంటా కట్టించి, నన్ను కూర్చోబెట్టి, బెల్లం సరిచూశాడు.

"రెండు ముద్దలు ఎక్కువ తెచ్చిపెడ్తరా. జాతర దినాలు, రేపు దుకాండ్లల్ల బెల్లం దొరకది" అన్నాడు.

"ఎందుకు బాపూ. నేను లెక్క గట్టిన. గ్రాము అటు కాదు, ఇటు కాదు."

ఈ వాక్యాన్ని ఇప్పటికీ మా ఇంట్లో పండగపూట నాకు వినిపిస్తారు.

మర్నాడు పొద్దున తలస్నానం చేయించి, "తూకమయ్యేదాక ఏం ముట్టద్దు బిడ్డా. జర బెల్లం కాడ కూసో, చీమలు పడ్తయ్" అని అవ్వ పసుపు కలపడానికి పోయింది. బాపు మేడారం పోయే జీపు దగ్గరికి పోయాడు. గదిలో నేను, నా అంత బరువున్న బెల్లం మిగిలాం.

ఆకలి రుచెరుగదంటారు. నా ఆకలికి రుచి బాగా తెలుసు, మొక్కే తెలియదు. నెలనుంచి పస్తున్న నా హైపోథాలమస్ మా ఊరి భాషలోనే మాట్లాడింది. "ఏందిర, కరువు కరువని నన్ను పరేషాన్ చేస్తివి. ముంగట గిది ఏంది మరి?"

నిజమే అనిపించింది. ఒక్క పలుకు నోట్లో వేస్తే కరువు లేదని మెదడుకు తెలిసిపోతుంది. అది తినడం కాదు, సమాచారం పంపడం. పంపాను. అందలేదేమోనని మళ్లీ పంపాను. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది కదా, కబురు దారిలో ఉండగానే అరకిలో ముద్ద ఒకటి మాయమైంది. మిగతా ముద్దల్ని ఖాళీ కనబడకుండా పేర్చాను. గొంతు అంటుకుపోయి రెండు చెంబుల నీళ్లు కూడా తాగాను.

పాఠకులారా, లెక్క మీరే వేయండి. బెల్లం ఆ పళ్లెంలో తగ్గింది, ఈ పళ్లెంలో నాలో చేరింది. పైన నీళ్లు.

కాంటా ఎక్కించగానే నేను ధబ్బున నేలకు దిగాను. బెల్లం ఆకాశంలో ఉంది.

"నిన్న సక్కగ సరిపోయింది గదరా" అన్నాడు బాపు. "ఒక్క రాత్రిల ఎట్ల పెరిగినవ్?"

"కాంటాలో తేడా ఉండొచ్చు బాపూ."

అంగీ విప్పాను. గడియారం తీశాను. లుంగీ పోయి తువ్వాలు వచ్చింది. పళ్లెం కదల్లేదు.

"ఇగ తీసేటిది ఏం లేదు మరిదీ, ఆడోళ్లున్నరు" అంది వదిన. అని నా మొహంలోకి వంగి చూసింది. "అత్తా, గీయన మీసాల మీదికి చీమలెందుకు ఎక్కుతున్నయ్?"

ఊరు ఊరంతా నా మీసాల వైపు చూసింది. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

"కంచెనే చేను మేసింది" అన్నాడు బాపు. అవ్వ పసుపు గిన్నె కింద పెట్టేసింది. ఆమె మొహం చూశాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లు మోసిన మొక్కు. దుకాణాల్లో బెల్లం లేదు, జీపు హారన్ కొడుతోంది, తూకం తక్కువైతే మొక్కు తీరనట్టే.

అప్పుడు పక్కింటి లచ్చవ్వ ఇంట్లోకి పోయి కొంగులో ఇంత బెల్లం తెచ్చింది. "మా డబ్బల గింత ఉండె. ఎయ్యుండ్రి." ఆమెను చూసి ఎదురింటివాళ్లు, వాళ్లను చూసి వాడకట్టంతా కదిలింది. ముద్ద మీద ముద్ద పడుతుంటే నేను లేచాను, ఇంకా లేచాను, చివరికి గాల్లో వేలాడాను.

"బంగారం ఎక్కువనే అయింది, మంచిదే" అన్నాడు బాపు. "దించుండ్రి."

"దించద్దు" అంది అవ్వ. "బంగారం ఎక్కువైతే మంచిదే. కొడుకు తక్కువైతే నాకు మనసొప్పది."

"తల్లికిచ్చింది ఎనుకకు తియ్యరాదు గదనే."

"తీయ. వీణ్నే పెంచుత."

లోపలికి పోయి పళ్లెం నిండా పులిహోర తెచ్చింది.

"అవ్వా, ఉపవాసమే" అన్నాను పైనుంచి.

"అది నువ్వు ఎప్పుడో ఇడిసినవ్. నోరు తెరువు."

వేలాడుతూనే తిన్నాను. ముద్ద పడినప్పుడల్లా కింద జనం "ఇంకోటి, ఇంకోటి" అన్నారు. వదిన చెంబులకొద్దీ మజ్జిగ అందించింది. నెలరోజులు నేను పస్తుండి సాధించినదంతా పావుగంటలో కరిగి, పళ్లెం మెల్లగా దిగి, రెండూ సరిసమానంగా నిలిచాయి. శక్తి సమతుల్యమంటే ఏమిటో నాకు ఒంటితో అర్థమైంది ఆ ఒక్కసారే.

అవ్వ కొబ్బరికాయ కొట్టి, కళ్లు మూసుకుని, చేతులు జోడించి నాకు వినబడేలా మొక్కింది. "తల్లీ, పోరడు దోసకాయలు ఇడిసిపెట్టి కడుపునిండ తింటె, మళ్ల జాతరకు మళ్ల ఎత్తు బంగారం ఇస్త."

తువ్వాలు గట్టిగా పట్టుకుని, పళ్లెంలోంచి దిగకముందే నేనూ ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఆకలి కడుపుతో బెల్లానికి కాపలా కూర్చోను. కూర్చోక తప్పకపోతే తిని కూర్చుంటాను. అన్నం తిని.